వెంట్రుకంత సందు

పోయిన దసరాకి మా అక్క కూతురు సంగారెడ్డి వచ్చింది. భోజనాలయ్యాక చాప మీద ఒక కాగితాల కట్ట విప్పి పరిచింది. పెళ్ళి సంబంధాల వివరాలు కాబోలనుకుని మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి జరిగింది. తీరా చూస్తే అన్నీ కెమెరాల బొమ్మలు!

"మామా, సముద్రం లోపలికి తీస్కపోయే కెమెరా కొనాలె. వీటిల ఏది తీసుకోవాల్నో నువ్వే చెప్పాలె" అన్నది.

నాకు నవ్వొచ్చింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో వాల్వులు తయారుచేసే కార్ఖానాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. మొదట టూల్‌రూము, తరవాత తనిఖీ విభాగం. నా జన్మలో తీసిన ఫొటోల్లో సగం తలకాయలు లేనివే. ఆ మాటే చెప్పాను.

"ఫొటో దియ్యనీకి నిన్నెవరడుగుతున్నరు? నీళ్ళు లోపలికి పోకుండ చూసుడు నీ పనే కద ఇన్నేండ్లు" అన్నది.

అది నిజమే. లోపలి నీళ్ళు బయటికి రాకుండా చూడడం నా ఉద్యోగం. బయటి నీళ్ళు లోపలికి పోకుండా చూడడం ఈ కెమెరా పెట్టె ఉద్యోగం. రెండూ ఒకే శాస్త్రం. అంచేత ఒప్పుకున్నాను. ఒప్పుకున్న పాపానికి నెల రోజులు ఆ కాగితాలూ, ఆ పుస్తకాలూ చదవాల్సి వచ్చింది. చదివినదాంట్లో కొంత మీకూ పనికొస్తుందేమోనని ఈ వారం అదే రాస్తున్నాను. ఈ రోజుల్లో అండమానుకో విశాఖపట్నానికో పోయి సముద్రంలో మునిగి వచ్చే పిల్లలు ఇంటికొకరు తయారయ్యారు గదా!

మా మేనకోడలు పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తుంది. రెండేళ్ళ కిందట స్వరాజ్ ద్వీప్ వెళ్ళి, అంటే 2018 దాకా హేవ్‌లాక్ అని పిలిచిన అండమాన్ దీవికి వెళ్ళి, వీపుకి గాలి సిలిండరు కట్టుకుని మునగడం నేర్చుకుని వచ్చింది. పద్దెనిమిది మీటర్ల లోతు దాకా దిగవచ్చునని కార్డు కూడా ఇచ్చారట. ఆ నాలుగు రోజులూ మా అక్క సరిగ్గా అన్నం తినలేదు. ఆ తరవాత ఇంకోమాటు వెళ్ళి వచ్చింది. అప్పటికి మా అక్కకీ అలవాటైంది. ఇప్పుడు జీతంలోంచి చిట్టీ కట్టి పాడుకున్న డబ్బుతో కెమెరా కొనాలని సంకల్పం.

కాగితాలన్నీ అయ్యాక అట్టడుగు నుంచి ఇంకో కాగితం తీసింది. దాని మీద ఉన్నది కొత్త కెమెరా కాదు. మా బావగారిది.

బావగారు పోయి నాలుగేళ్ళయింది. మనిషికి ఉన్న విలాసం ఆ కెమెరా ఒక్కటే. మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళూ, బారసాలలూ, పిల్లల మొదటి అడుగులూ అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఇప్పుడది అక్క బీరువాలో, ఒక పాత చీర మడతల్లో ఉంది.

"దీనికి సరిపోయే పెట్టె ఒకటి సెకండ్‌హాండుల దొరుకుతదంట మామా. నాన్న కెమెరానే తీస్కపోదామని ఉంది" అన్నది, నా మొహం చూడకుండా.

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. మా అక్కేమో, నేను అనుకున్నట్టు వద్దని అడ్డం పడలేదు. "ఆయనకు నీళ్ళంటే భయముండె. మంజీర ఒడ్డుకు గూడ పోకపోతుండె. ఆయన పోనిది ఆయన కెమెరానన్న పోనియ్యి రా. బీరువల పడి బూజు వట్టుడు కంటె నయం కద" అన్నది. అన్నట్టు, ఆ బూజు మాట వట్టి మాట కాదు. గాలాడని చోట, తేమలో పెడితే కెమెరా అద్దానికి నిజంగానే సాలెగూడులాగా బూజు పడుతుంది.

సరి, ఇది తేల్చాలంటే ముందు నీళ్ళ స్వభావం తెలియాలి.

మంజీర పేరు రాగానే మా ఆవిడ అడిగింది గూడా: "గంత దూరం ఎందుకు, మన మంజీరలనే దిగరాదా? టిక్కెట్టు ఖర్చు మిగులుతది" అని. మంజీర జలాశయం నీళ్ళు 1965 నుంచి హైదరాబాదు తాగుతున్నది. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. చేసింది ముఖ్యంగా మొసళ్ళ కోసం. కనక అక్కడ దిగేవాడికి ఫొటో తీసే అవసరం రాదు, ఆయనదే గోడకి పడుతుంది. ఇక ఇటు పటాన్‌చెరు పక్క నక్కవాగు సంగతి ఎత్తకపోవడం మేలు. కార్ఖానాల నీళ్ళు కలిసి దాని రంగు ఎట్లా మారిందో 1990లో సుప్రీంకోర్టు దాకా పోయిన వ్యవహారం. నాలాంటివాళ్ళ జీతాలు ఆ కార్ఖానాల్లోంచే వచ్చాయి గనక నేను పెద్ద గొంతుతో మాట్లాడలేను. ఆ వాగులో అరచెయ్యి ముంచితే వేళ్ళు కనపడని రోజులు నేను చూశాను.

ఇక్కడే ఉంది అసలు కీలకం. కెమెరాని ఏరేది మనం కాదు, నీళ్ళు. అండమాన్ నీళ్ళు తేటగా ఉన్న రోజున ఇరవై మీటర్ల దూరం కనపడుతుంది. విశాఖపట్నం దగ్గర రుషికొండలో దిగితే అదృష్టాన్ని బట్టి కొన్ని మీటర్లు. వానలు పడి, నదుల బురద కలిస్తే అదీ లేదు. తేట నీళ్ళకి వెడల్పుగా చూసే కటకం కావాలి. మసక నీళ్ళకి చిన్న ప్రాణిని జానెడు దూరం నుంచి తీసే కెమెరా కావాలి. ఎక్కడ దిగబోతున్నారో చెప్పకుండా ఏ కెమెరా కొనాలని అడగడం, ఎవరికో చెప్పకుండా చొక్కా కుట్టమన్నట్టే.

నీళ్ళు చేసే మాయలు మూడు. ఒకటి మనందరికీ తెలుసు. గ్లాసులో చెంచా వంకరగా కనపడుతుంది గదా, అదే. నీళ్ళలో ఏ వస్తువైనా అసలు దూరంలో పావు వంతు తగ్గి దగ్గరగానూ, మూడో వంతు పెద్దదిగానూ కనపడుతుంది. పెట్టెకి ముందు చదునైన అద్దం ఉంటే కెమెరాకీ అట్లాగే కనపడుతుంది. వెడల్పు కటకం వెడల్పు కొంత పోతుంది. గుడి గోపురం బోర్లించినట్టున్న గుండ్రటి అద్దం పెడితే ఆ వెడల్పు తిరిగి వస్తుంది. అందుకే పెద్ద కెమెరాలకి ఆ గాజు బుర్ర. దాని ఖరీదు విన్నాక మా ఆవిడ ఆ నెల బంగారం మాట ఎత్తలేదు.

రెండోది రంగు. నీళ్ళు ఎరుపుని ముందు మింగేస్తాయి. అయిదారు మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు మాయం. తరవాత నారింజ, ఇంకా దిగితే పసుపు. మిగిలేది నీలం, ఆకుపచ్చ. లోతున చెయ్యి కోసుకుంటే నెత్తురు ఎర్రగా కనపడదట! మా మేనకోడలు మొదటిసారి ఫోనులో చూపించిన చేపలన్నీ నీలిమందు తొట్లో ముంచి తీసినట్టుండడానికి కారణం ఇదే. ఆ పిల్ల తప్పు కాదు. మనం వేసిన వెలుగు కూడా చేప దాకా పోయి మళ్ళీ వెనక్కి రావాలి. మీటరు దూరంలో ఉన్న చేపకి రెండు మీటర్ల నీళ్ళు అడ్డమన్నమాట. కనక నీళ్ళలో ఫొటో తీసేవాళ్ళు ఒకే మంత్రం చెబుతారు: దగ్గరికి పో, ఇంకా దగ్గరికి పో. దూరం నుంచి లాక్కొచ్చే జూమ్ అక్కడ దండగ.

మూడోది నలుసులు. ఎంత తేట నీళ్ళయినా వాటిలో దుమ్ములాంటిది తేలుతూనే ఉంటుంది. కెమెరాలో ఉన్న ఫ్లాష్ వెలిగిస్తే ఆ వెలుగు తిన్నగా ఈ నలుసుల మీద పడి తిరిగొస్తుంది. ఫొటో నిండా మంచు కురిసినట్టుంటుంది. రాత్రి పొగమంచులో లారీ హెడ్‌లైట్లు పెద్దవి చేస్తే రోడ్డు కనపడకుండా పోతుంది, చూశారా? అదీ ఇదీ ఒకటే. అందుకని దీపాన్ని కెమెరాకి దూరంగా, పక్కకి చాచిన చేతికి తగిలిస్తారు. నా మటుకు నాకు, డబ్బు తక్కువైతే కెమెరాలో తగ్గించుకుని దీపంలో పెట్టమని చెప్పడమే న్యాయం. వెలుగు లేకపోతే లక్ష రూపాయల కెమెరా అయినా నీలిబొమ్మే తీస్తుంది.

ఇక నా రంగానికి వస్తాను.

నీళ్ళలో పది మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ ప్రెషర్ పెరుగుతుంది. కేజీ అంటే ఏముందని తీసిపారేయకండి. పెట్టె మూత పదిహేను సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు ఉందనుకోండి. మొత్తం మీద నూట యాభై కేజీలు! మూడు సిమెంటు బస్తాలు ఆ మూత మీద కూర్చున్నట్టు. పద్దెనిమిది మీటర్లకి అయిదు బస్తాలు దాటుతాయి. ఇంత బరువుని నీళ్ళ చుక్క దూరకుండా ఆపేది ఏది? మన చేతి గాజంత సన్నని రబ్బరు రింగు. ఓ-రింగు. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నీల్స్ క్రిస్టెన్సెన్ అనే ఆయన డెబ్బై దాటిన వయస్సులో దీనికి పేటెంటు తెచ్చుకున్నాడు, 1939లో. ఇది లేకపోతే మోటారు లేదు, విమానం లేదు, మా వాల్వూ లేదు. 1986 జనవరిలో ఛాలెంజర్ వ్యోమనౌక ఏడుగురితో సహా ఆకాశంలో కాలిపోయిందంటే, చలికి బిగుసుకుపోయిన ఇట్లాంటి రింగే కారణం.

ఈ రింగు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. లోతుకి పోయినకొద్దీ అది గట్టిపడుతుంది. నీళ్ళే దాన్ని గాడిలోకి నొక్కి, సందు మూసేస్తాయి. కనక ఎక్కువ పెట్టెలు కారేది లోతులో కాదు, ఒడ్డు దగ్గర, పై నీళ్ళలో. మూత ఇంకా సరిగ్గా నొక్కుకోని వేళ, అల తగిలిన వేళ.

ఈ ముక్క నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఆరేళ్ళ కిందట కుటుంబమంతా విశాఖపట్నం వెళ్ళాం. మా అబ్బాయి కొత్తగా కొన్న చిన్న కెమెరా, దానికి పెట్టె. "నేను మూస్తాను, నాకు వదిలెయ్యి" అన్నాను. ముప్ఫై ఏళ్ళ అనుభవం మరి! మూత బిగించాను. రెండు గొళ్ళేలూ టక్కుమన్నాయి. మోకాలి లోతు నీళ్ళలో మనవడిని నిలబెట్టి రెండు ఫొటోలు తీశానో లేదో, అద్దం లోపల ఒక చుక్క జారింది. విప్పి చూస్తే రింగు మీద అడ్డంగా ఒక వెంట్రుక. తెల్లది. నాదే. పద్దెనిమిది కేజీల ప్రెషర్‌కి వాల్వులు పాసు చేసినవాణ్ణి, మోకాలి లోతు నీళ్ళు ఫెయిలు చేశాయి. కెమెరా మళ్ళీ లేవలేదు. అబ్బాయి ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది.

నన్ను నేను ఓదార్చుకోవడానికి చరిత్ర తిరగేశాను. నీళ్ళలో మొదటి ఫొటో అని చెప్పుకునేది 1856లో విలియం థాంప్సన్ అనే ఇంగ్లీషు వకీలు తీశాడు. కెమెరాని ఒక పెట్టెలో పెట్టి వేమత్ దగ్గర సముద్రంలోకి దింపాడు. ఆ పెట్టె కూడా కారింది! అయినా ఫలకం మీద మసకమసకగా బొమ్మ పడిందట. ఆయన అదృష్టవంతుడు. ఆ తరవాత 1893లో లూయీ బూతాన్ అనే ఫ్రెంచి జీవశాస్త్రవేత్త తానే డైవింగు దుస్తులు వేసుకుని దిగి తీశాడు. ఆయన తమ్ముడు ఇంజనీరు. పెట్టెకి ఒక రబ్బరు బుడగ తగిలించి, లోపలి గాలి ఒత్తిడి బయటి నీళ్ళతో సమానమయ్యేటట్టు చేశారు. ఎంత తెలివి! నీళ్ళతో కుస్తీ పట్టకుండా రాజీ పడ్డారన్నమాట. కుస్తో బృందం కోసం బెల్జియం ఇంజనీరు జాన్ ద వూటర్ ఇంకో దారి పట్టాడు. పెట్టె ఎందుకు, కెమెరానే నీళ్ళు దూరకుండా చేస్తే పోలేదా అని. అదే కాలిప్సో. దాన్నే నికాన్ కంపెనీ తీసుకుని 1963లో నికానోస్ అని అమ్మింది. 2001 దాకా ఆ వంశం నడిచింది. డిజిటల్ కెమెరాలొచ్చాక లోకం మళ్ళీ పెట్టెల దగ్గరికే వచ్చింది.

ఇప్పుడు మా పిల్ల కాగితాల్లో ఉన్నవేమిటి? ఫోనులు నీళ్ళు దూరనివని రాస్తారు. అది మంచి నీళ్ళలో, కదలకుండా, కొద్ది లోతులో చేసిన పరీక్ష. ఉప్పునీటికి ఆ హామీ లేదు. మెడలో వేసుకునే ప్లాస్టిక్కు సంచులు పడవ మీద చినుకులకి పనికొస్తాయి. గోప్రోలాంటి అగ్గిపెట్టె కెమెరాలు విడిగా పది మీటర్లు, వాటి పెట్టెతో అరవై మీటర్లు పోతాయి. కదిలే బొమ్మలకి, చేతులు ఖాళీగా ఉంచుకోవాలనుకునేవాళ్ళకి అవి మంచివి. నిలవ ఫొటోలకి, అందులోనూ చిన్న ప్రాణులకి అంత మంచివి కావు. వాటికి పైన 2023లో వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7లాంటి జేబు కెమెరాలు. విడిగా పదిహేను మీటర్లు, పెట్టెతో నలభై అయిదు. వస్తువుని సెంటీమీటరు దూరం దాకా పోయి తీస్తాయి. పెట్టెలో ఒక నీటి చుక్క దూరినా కెమెరా చావదు, ఎందుకంటే అది తానే నీళ్ళు దూరనిది. ఇంటికి రెండు తలుపులన్నమాట. నా పాత గాయం సంగతి తెలిసినవాళ్ళకి ఇది నాకెందుకు నచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఆ పైన పెద్ద కెమెరాలు, వాటికి అల్యూమినియం పెట్టెలు. ఆ పెట్టెలు చూసి టూల్‌రూము మనిషిగా నేను చాలా సేపు ముచ్చటపడ్డాను. ఒక్కొక్క మీటకీ ఒక ఇరుసు, ఒక్కొక్క ఇరుసుకీ ఒక రింగు. కొన్నిటికి చిన్న చేతిపంపు కూడా ఇస్తారు. పెట్టె మూసి లోపలి గాలి కొంత లాగేస్తే, బయటి గాలే మూతని నొక్కి పెడుతుంది. ఎక్కడ సందున్నా నీళ్ళలో దిగకముందే దీపం రంగు మారి చెబుతుంది. మేం వాల్వులకి చేసే లీకు పరీక్షే ఇది! అయితే ఇంత పనితనానికి ఖరీదూ అంతే. కెమెరాకి పెట్టినంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, పెట్టెకి పెట్టాలి. దీపాలు, చేతులు, గాజు బుర్ర వేరు.

ఆ పెట్టె ఒక్క కెమెరాకే పనికొస్తుంది. మీట అర సెంటీమీటరు అటు జరిగిన కొత్త మాడల్ వస్తే పాత పెట్టె దానికి పట్టదు. పాత మాడల్ పోతే దాని పెట్టె తయారీ ఆగిపోతుంది. బావగారి కెమెరాకి జరిగింది అదే. కొత్త పెట్టె ఎక్కడా లేదు. ఉన్న ఒక్క సెకండ్‌హాండు పెట్టెకి రింగులు ఎప్పుడు మార్చారో అమ్మేవాడు చెప్పలేకపోయాడు. మీటల లోపలి రింగులు కొత్తవి దొరుకుతాయో లేదో కూడా చెప్పలేదు. గాడి కొలతలు తెలిస్తే పటాన్‌చెరు బజారులో దాదాపు ఏ సైజు రింగైనా సంపాదించగలను. కాని ఉప్పు తిన్న ఇరుసులు, అరిగిన గాడులు నేనేం చేయగలను?

అక్కకీ పిల్లకీ కూర్చోబెట్టి చెప్పాను. సముద్రంలో కెమెరా తీసుకుపోయినవాళ్ళు ఏదో ఒక రోజు ఒకటి ముంచుతారు. జాగ్రత్తపరులు ఆలస్యంగా, మిగతావాళ్ళు త్వరగా. మునిగితే మళ్ళీ కొనుక్కోగలిగినదాన్నే తీసుకుపోవాలి. బావగారి కెమెరా మళ్ళీ ఏ కొట్లో కొంటాం?

అక్క చాలా సేపు మాట్లాడలేదు. చివరికి, "పడవ దాకనన్న పోనియ్యి" అన్నది. పడవ దాకా సరేనన్నాను.

మా మేనకోడలు టీజీ-7, దాని పెట్టె, ఒక దీపం కొంది. చిట్టీ డబ్బు సరిపోయి, రింగులకి, గ్రీజుకి మిగిలింది. గ్రీజు అంటే గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్న వ్యాజలైను రాస్తే చాలు గదా అని నన్ను ఇద్దరు ముగ్గురడిగారు. రాయకండి. రబ్బరు రకాన్ని బట్టి గ్రీజు. సిలికాన్ రింగుకి సిలికాన్ గ్రీజు పూస్తే అది ఉబ్బుతుంది. కొన్ని రబ్బర్లని పెట్రోలు జాతి గ్రీజు పాడు చేస్తుంది. పెట్టె చేసినవాడు ఏది ఇస్తే అదే, అదీ రింగు మెరిసేంత మాత్రమే. నీళ్ళని ఆపేది గ్రీజు కాదు, రబ్బరు. ఎక్కువ పూస్తే ఇసకనీ వెంట్రుకల్నీ పిలిచి కూర్చోబెట్టినట్టే. ఇంకోటి, పెట్టెని ఏసీ గదిలో మూయాలి. సముద్రపు ఒడ్డున ఉక్కగాలి లోపల బంధించి చల్లటి నీళ్ళలో దిగితే అద్దానికి లోపల చెమట పడుతుంది. అది లీకు అనుకుని పాపం ఎంతమంది గుండె గుభేలుమందో! పైకొచ్చాక మంచినీళ్ళ తొట్లో నానబెట్టి, మీటలన్నీ పదిసార్లు నొక్కాలి. ఉప్పు ఆరిందంటే ఆకురాయి అయిపోతుంది.

ఇవన్నీ కెమెరాకి. నాకు నిజంగా భయం వేసింది ఇంకో సంగతికి. తుపాకీ పేల్చేవాడిలాగే ఫొటో తీసేవాడు కూడా చెయ్యి కదలకుండా ఉండాలని ఊపిరి బిగబడతాడు. నేల మీద ఫరవాలేదు. వీపున సిలిండరు పెట్టుకుని నీళ్ళలో ఉన్నవాడు ఊపిరి బిగబట్టి పైకి తేలితే? పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఆ గాలికి దారి లేకపోతే ఊపిరితిత్తే చిరుగుతుంది. ప్రెషర్‌తో పనిచేసినవాణ్ణి గనక ఆ బొమ్మ నా కళ్ళ ముందు నుంచి పోలేదు. పైగా చేపని చూసే కన్ను గాలి ముల్లుని చూడదు. రెండు వందల బార్‌తో దిగినవాళ్ళు యాభై ఉండగానే పైన ఉండాలి. ఒక చిన్న పీత వెనక పోతూ ఆ యాభై సంగతి మరిచిపోయేవాళ్ళున్నారు.

"నీళ్ళల నిలకడగ తేలుడు వచ్చినంకనే కెమెరా బిడ్డా" అన్నాను. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత ఉండనే ఉంది. తేలడం రానివాడు కెమెరా పట్టుకుంటే పగడాల మీద మోకాళ్ళూనుతాడు. నూరేళ్ళు పెరిగినది ఒక్క తన్నుకి విరుగుతుంది. పగడాలకి మన వన్యప్రాణి చట్టం రక్షణ ఉందన్నది తరవాతి మాట.

"రెండుసార్లు పోయొచ్చిన కద మామా, తేలుడు వస్తది నాకు."

"అట్లయితె పోయిన మొదటి రెండు మునకలు కెమెరా పడవలనే పెట్టు. వచ్చిందో లేదో అప్పుడు చూసుకో."

ఒప్పుకుంది. కాస్త మొహం ముడుచుకునే ఒప్పుకుంది.

కార్తీకంలో ఒక ఆదివారం పెట్టెని పరీక్ష చేశాం. సదాశివపేట పక్కన మా అక్క అత్తవారి ఊళ్ళో పాత వ్యవసాయ బావి ఒకటుంది. బోర్లొచ్చాక దాని మొహం చూసేవాళ్ళు లేరు. మంచి వానలు పడ్డాయి గనక ఇరవై అయిదు అడుగుల నీళ్ళున్నాయి. ముప్పాతిక కేజీ ప్రెషర్ అన్నమాట. మా హైడ్రో టెస్టు బెంచికి సరిసమానం కాకపోయినా ఉచితం. కెమెరా తీసేసి, ఖాళీ పెట్టెలో తెల్లటి పలచని కాగితం మడిచి పెట్టాం. ఒక్క చుక్క దూరినా దాని మీద మచ్చ పడుతుంది. కిరాణా కొట్టు నుంచి రెండు కిలోల తూకం రాయి ఎరువు తెచ్చి కట్టాం. లేకపోతే అది మునగదు, బెండులా తేలుతుంది.

రింగు తుడిచి, గ్రీజు రాసి, గాడిలో కూర్చోబెట్టింది మా మేనకోడలే. నేను భూతద్దంతో చుట్టూ చూసి, పాసు అన్నాను. ఆ పిల్ల ఊరుకోలేదు. ఎండవైపు తిప్పి మళ్ళీ చూసింది. గోటితో ఏదో తీసి నా అరచేతిలో పెట్టింది. తువ్వాలు నూలుపోగు.

"కండ్లద్దాలు తుడుసుకో మామా" అన్నది.

ముందు రెండు అడుగుల లోతులో పది నిమిషాలు. కారేది అక్కడే గదా. తరవాత అడుగు దాకా అరగంట. తాడు పట్టుకుని నిలబడ్డ అరగంటలో నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ వాల్వుకీ కొట్టుకోనంతగా గుండె కొట్టుకుంది. గట్టు మీద అక్క బావగారి కెమెరా పట్టుకుని నిలబడింది. ఎప్పుడు తీసిందో బీరువాలోంచి, ఛార్జింగు కూడా పెట్టుకుని వచ్చింది. పెట్టె పైకొస్తుంటే మీట నొక్కింది. ఫొటోలో నా తల లేదు, తాడూ పెట్టే ఉన్నాయి. విప్పి చూస్తే కాగితం పొడిగా ఉంది.

ప్రయాణం ఫిబ్రవరిలో. టిక్కెట్లు చూపించమంటే చూపించింది. చివరి మునక పొద్దున పది గంటలకి, అదే రోజు మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిరు నుంచి విమానం! అది ఇప్పుడు శ్రీవిజయపురం. 2024లో పేరు మారింది. వరసగా మునిగినవాళ్ళు పద్దెనిమిది గంటలైనా నేల మీద ఉండకుండా విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగి ఉన్న నత్రజని పైన ప్రెషర్ తగ్గగానే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. కార్డు ఇచ్చినవాళ్ళు చెప్పలేదా అంటే, చెప్పారు, టిక్కెట్టు ఆ రోజుకి చవకగా ఉందని అన్నది. మా అక్క అక్కడే ఫోను లాక్కుని మరునాటికి మార్పించింది. ఎంత ఎక్కువైందో నాకు చెప్పలేదు.